మూడోసారి మెట్రిక్ పాసైన మన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వార్షికోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. కారణం పెద్దదేమీ కాదు. డిగ్రీ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరినప్పుడు రక్తంలో భాస్వరం ఎంత ఉందో లెక్కకట్టే ప్రయోగం ఒకటి చేయించారు. గాజు గొట్టంలో ద్రావకాలు కలపగానే నీలిరంగు తేలుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్న మాట. రికార్డు పుస్తకంలో ఆ ప్రయోగం పేరు ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి అని రాసుకున్నాం. సుబ్బారావ్ అంటే మనవాడేనా అని మా బ్యాచ్‌లో ఎవరం అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, మనవాడే, భీమవరంలో పుట్టినవాడే అని.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగుండక ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. చదువు మీద మొదట్లో ఆయనకు శ్రద్ధ తక్కువ. 13 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారట. యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఆలోచన! దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి పట్టుబట్టి మళ్ళీ బడికి పంపింది. రాజమండ్రిలో చదివారు, మెట్రిక్ తప్పారు. మళ్ళీ రాశారు, మళ్ళీ తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలునుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ఈ మధ్యలోనే తండ్రి పోయారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఆ రోజుల్లో మన తాతలు రెండుసార్లు మెట్రిక్ తప్పడం కాదు కదా, ఒకసారి పరీక్ష హాలు మెట్లెక్కడమే గగనం. కాబట్టి ఆయన పేదరికమూ మన పేదరికమూ ఒకటేనని నేను రాయను. అయితే ఫీజు కట్టలేని కుర్రవాడి గుండెదడ ఎలాంటిదో ఆయనకు తెలుసు. ఎవరో ఇచ్చిన డబ్బుతో చదవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం మనం ఆయన పక్కనే కూర్చోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుకుంటే డాక్టరై కూడా చేయవచ్చు గదా అని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులూ, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ డబ్బు సాయం చేశారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితోనే ఆయన వివాహం జరిగింది. అవి గాంధీగారి పిలుపు ఊరూరా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ థియేటర్లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఒక గౌను గుడ్డ ఆయన జీవితాన్ని ఎంత దూరం తరిమిందో ముందు ముందు చూస్తారు.

1921లో ఆ ఇంటిమీద పిడుగు పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి రోజుల తేడాలో ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన పెద్దవాళ్ళు గ్రహణి అనేవారు. తిన్నది ఒంటికి పట్టదు, ఆగకుండా విరేచనాలు, నోరంతా పుండ్లు, రక్తం పలచబడి మనిషి ఎండు పుల్లలా అయిపోతాడు. కారణం ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. పాఠాలు చెబుతున్నా మనసు మాత్రం ఒక్కచోటే ఉంది. అన్నదమ్ములను మింగిన ఈ జబ్బుకు మూలం ఎక్కడ?

అమెరికా వెళ్ళి చదవాలని నిర్ణయించుకున్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు దొరికింది గాని స్కాలర్‌షిప్ దొరకలేదు. మామగారు కొంత సర్దారు. మరికొంత సాయం కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థనుంచి వచ్చింది. ఈ నాయకర్ గారి గురించి కూడా ఒక ముక్క. ఆయన కోరంగి ప్రాంతంనుంచి రంగూన్ వెళ్ళి ధనం గడించి, ఆస్తిని చదువులకూ ధర్మానికీ రాసిచ్చిన మహానుభావుడు. ఆయన పేరుతో కాకినాడలో విద్యాసంస్థలు ఇప్పటికీ నడుస్తున్నాయి. తాను చూడని ఒక కుర్రవాడు తన డబ్బుతో ఏం కనిపెడతాడో ఆయన ఊహించి ఉండరు.

1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. జేబులో డబ్బు లేదు. ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ విలువ లేదు కాబట్టి డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ అనే ఆసుపత్రిలో రాత్రిపూట వార్డు బాయ్‌గా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం, పక్కలు సర్దడం పని. పగలు క్లాసులు. ఇంటి దగ్గర పుట్టిన కొడుకు నెలల వయసులోనే చనిపోయాడన్న కబురు కూడా ఆయనకు అక్కడే అందింది. ఆ బిడ్డను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. మూడేళ్ళలో తిరిగి వస్తానన్న మనిషి మరి రానేలేదు. శేషగిరమ్మ గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు. నాకు మాత్రం చేయి ఆగుతుంది. లోకానికి ఆయన ఇచ్చినదాని ఖరీదులో కొంత ఆమె కట్టారు.

డిప్లొమా తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి భాస్వరాన్ని కొలిచే ఆ నీలిరంగు పద్ధతిని ప్రచురించారు. అది చేతిలోకి రాగానే కండరాల్లో ఏముందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. తొమ్మిది, పది తరగతుల సైన్సు పుస్తకంలో కణానికి శక్తినిచ్చే నాణెం అని మీరు బట్టీపట్టే ఏటీపీ ఇదే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందనీ అదే ప్రయోగశాలలో పనిచేసి తర్వాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. సుబ్బారావు గారు మాత్రం ఎవరిమీదా ఫిర్యాదు చేసినట్టు కనబడదు. అది ఆయన మంచితనమో, అప్పటి అమెరికాలో ఒక నల్లని భారతీయుడి నిస్సహాయతో చెప్పలేం. రెండూ కావచ్చు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబరేటరీస్‌కు మారారు. 1942లో పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. అప్పటికి లోకమంతా ఒక విటమిన్ కోసం వెతుకుతోంది. ఆ వెతుకులాటకు మొదలు మన దేశంలోనే. 1928 తర్వాత బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం విరిగిపోయే జబ్బును లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ పరిశీలించారు. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. ఈస్ట్‌లో, కాలేయంలో, ఆకుకూరల్లో ఏదో ఉంది. 1941లో దాన్ని పాలకూరనుంచి రాబట్టిన శాస్త్రవేత్తలు ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అయితే ఆకులనుంచి వచ్చేది చిటికెడు. రోగులకు సరిపడా కావాలంటే ప్రయోగశాలలో తయారుచేయాలి. సుబ్బారావు గారి బృందం ఆ పని సాధించి 1945లో ప్రకటించింది. ఆ వ్యాసం మీద 16 మంది పేర్లున్నాయి. బృందాన్ని నడిపిన మనిషి పేరు వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఫోలిక్ యాసిడ్ చేసే పని సులువుగా చెబుతాను. మన శరీరంలో ఎముకల్లోని మూలుగ, పేగుల లోపలి పొర, నోటి లోపలి చర్మం ఎప్పుడూ కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. కణం రెండుగా చీలాలంటే అందులోని డిఎన్‌ఏ మరో ప్రతి తయారుకావాలి. ఆ తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది లేకపోతే రక్తం తగ్గుతుంది, నోరు పుండ్లు పడుతుంది, పేగు పాడవుతుంది. ఇప్పుడు స్ప్రూ లక్షణాలు మళ్ళీ గుర్తుచేసుకోండి. టామ్ స్పైస్ అనే వైద్యుడు ఫోలిక్ యాసిడ్‌ను క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళు రోజుల్లో లేచి అన్నం అడిగారు. అన్నదమ్ములు పోయిన 24 ఏళ్ళకు వాళ్ళను బతికించగలిగే మందు సుబ్బారావు గారి చేతికొచ్చింది. ఆ రోజు ఆయన మనసులో ఏమనుకున్నారో ఎక్కడా రాసిపెట్టలేదు.

కథ ఇక్కడితో ఆగలేదు. అసలు నేను ఈ వ్యాసం రాయడానికి కారణం దీని తర్వాతి భాగం.

బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగినట్టు అనిపించింది. అంటే క్యాన్సర్ కణాలకు కూడా అదే ఆహారం. మరి అచ్చం విటమిన్‌లా కనిపిస్తూ విటమిన్ పని చేయని దొంగ విటమిన్‌ను ఇస్తే? తాళంలో సరిపోతుంది గాని తిరగని తాళంచెవి లాంటిదన్న మాట. సుబ్బారావు గారి బృందం అలాంటివి తయారుచేసి పంపింది. వాటిలో అమినాప్టెరిన్ అనే మందును ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. ఆ పిల్లలు తర్వాత బతకలేదు. అయినా రక్తక్యాన్సర్‌ను మందుతో తగ్గించవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. అమినాప్టెరిన్‌కు తమ్ముడిలాంటి మందు మెథోట్రెక్సేట్. అదీ ఆ ప్రయోగశాలలో పుట్టినదే.

ఇక నేను పనిచేసే చోటి సంగతి. అక్కడ దాతనుంచి మూలకణాలు తీసుకుని రోగికి ఎక్కించే వార్డు ఉంది. రక్తక్యాన్సర్, తలసేమియా లాంటి జబ్బుల్లో రోగి సొంత మూలుగను మందులతో ఖాళీచేసి, అన్నో చెల్లెలో ఇచ్చిన మూలకణాలను సెలైన్‌లా నరంలోకి పంపుతారు. అవే వెళ్ళి ఎముకల్లో కుదురుకుంటాయి. ఈ వైద్యానికి దారివేసినవారు డొనాల్ థామస్. 1957లో ఆయన మొదటి ప్రయత్నాలను ప్రచురించారు. 1990లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో మొదటిసారి 1983లో ముంబైలో చేశారు. ఇందులో పెద్ద ప్రమాదం ఏమిటంటే, దాతనుంచి వచ్చిన తెల్లకణాలు కొత్త ఇంటిని తమ ఇల్లు అనుకోవు. రోగి చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద దాడిచేస్తాయి. దీన్ని జీవీహెచ్‌డీ అంటారు. ప్రాణం తీసే జబ్బు అది.

ఆ దాడిని ముందే అడ్డుకోవడానికి ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చిన మందు మెథోట్రెక్సేట్. మూలకణాలు ఎక్కించాక 1వ రోజు, 3వ రోజు, 6వ రోజు, 11వ రోజు చిన్న మోతాదుల్లో ఇస్తారు. దాడికి సిద్ధమై వేగంగా చీలుతున్న తెల్లకణాలు ఆ దొంగ విటమిన్ దెబ్బకు ఆగిపోతాయి. 1986లో సైక్లోస్పోరిన్ అనే మరో మందుతో కలిపి ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుందని అమెరికాలోని సియాటిల్ వైద్యులు చూపించారు. ఈ మధ్య కొన్ని రకాల మార్పిడుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే వేరే మందు దీని స్థానంలోకి వస్తోంది గాని, మెథోట్రెక్సేట్ ఇంకా మూలపడలేదు.

చిక్కు ఏమిటంటే దొంగకు శత్రువూ మిత్రుడూ తేడా తెలియదు. రోగి నోటి పొరకూ పేగు పొరకూ కూడా విటమిన్ అందదు. నోరంతా పుండ్లు. తలసేమియాతో వచ్చిన ఒక కుర్రవాడిని చూశాను. అక్క మూలకణాలు ఇచ్చింది. వారం దాటేసరికి గుక్కెడు మంచినీళ్ళు మింగలేక కన్నీళ్ళు పెట్టుకునేవాడు. తర్వాతి మోతాదు ఇవ్వాలా మానాలా అని డాక్టర్ల తర్జనభర్జన. మానితే జీవీహెచ్‌డీ భయం, ఇస్తే నోటి బాధ. అప్పుడు చాలాచోట్ల చేసే పని ఏమిటంటే, మెథోట్రెక్సేట్ ఇచ్చి ఒక రోజు ఆగి, ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఇది ఫోలిక్ యాసిడ్‌కే మరో రూపం. మెథోట్రెక్సేట్ మూసిన తలుపును తప్పించుకుని పక్కదారిన కణంలో పనికి వెళ్తుంది. ముందే ఇస్తే మందు పని చెడుతుంది, ఆలస్యమైతే పుండ్లు ముదురుతాయి. అందుకే నర్సమ్మలు గడియారం చూసి మరీ ఇస్తారు. ఆ కుర్రవాడికీ అలాగే ఇచ్చారు. నాలుగు మోతాదులూ పూర్తయ్యాయి. తర్వాత ఇడ్లీ అడిగాడు. మార్పిడికి ముందు పిల్లలకు విటమిన్ ఎ ఒక పెద్ద మోతాదుగా ఇస్తే పేగుల మీద దాడి తగ్గుతుందా అని కూడా పరిశోధనలు జరిగాయి. ఏ విటమిన్ అయినా అక్కడ డాక్టరు లెక్కకట్టి ఇవ్వవలసిందే, మనంతట మనం కొనుక్కుని మింగేది కాదు.

విటమినూ సుబ్బారావు గారి బృందం చేసిందే, దొంగ విటమినూ వాళ్ళు చేసిందే. ఆ కుర్రవాడి రక్తంలో భాస్వరం ఎంతుందో చూడమని నాకు నమూనా వచ్చేది. ఇప్పుడు ఆ లెక్క మిషనే చూస్తుంది గాని, గాజు గొట్టంలో తేలిన ఆ నీలిరంగు నాకు ప్రతిసారీ గుర్తొచ్చేది. ఇంకో విచిత్రం. డొనాల్ థామస్ వైద్య శిక్షణ పొందిన ఆసుపత్రి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్. ఆయనతోపాటు నోబెల్ పంచుకున్న జోసెఫ్ ముర్రే 1954లో మూత్రపిండం మార్చిందీ అక్కడే. అంతకు 30 ఏళ్ళ ముందు ఆ వార్డుల్లోనే మన సుబ్బారావు గారు రాత్రిళ్ళు పాత్రలు కడిగారు.

మెథోట్రెక్సేట్ పేరు మీ ఊళ్ళో కూడా వినబడవచ్చు. కీళ్ళవాతం ఉన్న అమ్మమ్మలకు వారానికి ఒక్కసారి ఇచ్చేది అదే. వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమంటారు. కొందరు పొరపాటున దాన్ని రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. మీకు చదువు వచ్చు కదా, ఇంటికి వెళ్ళినప్పుడు చీటీ ఒకసారి చదివి పెట్టండి.

లెడర్లీలో ఉండగా ఆయన బృందమే బోదకాలుకు హెట్రజాన్ అనే మందు తెచ్చింది. మన జిల్లాల్లో ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర ఇదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ మందు కూడా ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవినుంచి రాబట్టారు. 1948లో అది బయటికి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఇల్లు వదిలి 26 ఏళ్ళయింది. నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు కలిసేలా సుబ్బరోమైసిస్ అని పెట్టారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

మా రోజుల్లో హాస్టల్లో విటమిన్ మాత్రలు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు మీకు వారానికొకటి నీలం మాత్ర ఇస్తారని విన్నాను. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పుతుందని కొందరు దాన్ని కిటికీలోంచి పారేస్తున్నారని వార్డెన్ గారు ఫోన్‌లో వాపోయారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకోండి.